ఆటకు సీటిస్తారు... ఫీజు ఎవరు కడతారు?

విజయనగరం జిల్లా పల్లెల్లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మర్నాటి నుంచే ఇళ్ల అరుగుల మీద పంచాయతీలు మొదలవుతాయి. మామూలు పిల్లల ఇళ్లలో ఈ పంచాయతీ ఒక్క పూటలో తేలిపోతుంది. మార్కులెన్ని, కాలేజీ ఏది, ఫీజు ఎంత అన్న మూడు మాటలతో సరి. కాని ఆ ఇంట్లో కబడ్డీ ఆడే పిల్లో, బరువులెత్తే కుర్రవాడో ఉంటే మాత్రం వారం పది రోజులైనా ఒక కొలిక్కి రాదు.

రెండెకరాలు కౌలుకు చేసుకునే ఒక రైతు ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. పెద్ద కూతురు కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడింది. అండర్ 19 స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర పోటీల దాకా వెళ్లింది. ఇంటర్ పాసయింది. పట్నంలోని ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఒకాయన మోటారు సైకిలు మీద ఊళ్లోకి వస్తాడు. "మీ అమ్మాయికి ట్యూషన్ ఫీజు ఒక్క రూపాయి కూడా వద్దు, మా కాలేజీ జట్టుకు ఆడితే చాలు" అంటాడు. తండ్రి ముఖం వికసిస్తుంది. తల్లి మాత్రం తలుపు పక్కన నిలబడి, "చదువు ఉచితమంటున్నారు బాబూ, మరి పిల్ల తినే తిండో?" అని అడుగుతుంది. మేనమామ "ఆడపిల్లకు ఇంకా ఆటలేమిటి, సంబంధం చూడండి" అని గొణుగుతాడు. బడిలో ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారు చివరికి నోరు విప్పి, "ఆ మాటేదో కాగితం మీద రాసివ్వండి సార్" అంటారు.

ఆ అరుగు మీద అందరికంటె లోకజ్ఞానం కలిగిన మాటలు తల్లివీ, మాస్టారివీను. క్రీడాకారుల చదువు విషయంలో పల్లె కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సీటు వేరు, ఫీజు వేరు, తిండి వేరు, ఆట వేరు. ఈ నాలుగింటిలో ఒకటి దొరికితే మిగిలిన మూడూ దొరికినట్టే అనుకోవడం వల్ల అప్పుల పాలయ్యే ఇళ్లు, మధ్యలో ఆగిపోయే చదువులు కనిపిస్తాయి.

అర శాతం అంటే ఎంత?

క్రీడాకారులకు కాలేజీల్లో 'స్పోర్ట్స్ కోటా' ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు. అది ఎంత ఉంటుందన్నది తెలిసినవారు తక్కువ. ఇంజనీరింగు వంటి వృత్తివిద్యా కోర్సుల కన్వీనరు కోటా సీట్లలో ఆటల కోటా అర శాతం. ఇది ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తున్న నిబంధన. అర శాతమంటే 200 సీట్లకు ఒకటి. ఆ ఒక్క సీటుకు జాతీయ స్థాయిలో పతకాలు తెచ్చినవారు, అంతర్జాతీయ పోటీల్లో పాల్గొన్నవారు కూడా దరఖాస్తు పెడతారు. సర్టిఫికెట్లను క్రీడా ప్రాధికార సంస్థ పరిశీలించి, పోటీ స్థాయిని బట్టి వరుస నిర్ణయిస్తుంది. జిల్లా స్థాయిలో ఆడిన పిల్లకు ఈ వరుసలో ముందు చోటు దొరకడం కష్టం.

అందుచేత ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును పక్కన పెట్టి కేవలం ఆటల కోటా మీదే ఆశ పెట్టుకోవడం మంచిది కాదు. మామూలు పద్ధతిలో సీటు వచ్చే అవకాశాన్ని చేతిలో ఉంచుకొని, ఆటల కోటాను అదనపు అవకాశంగా చూసుకోవాలి.

ఇక ముఖ్యమైన విషయం. ఆటల కోటా ఇచ్చేది సీటు మాత్రమే. ఫీజు మాఫీ చేయడం ఆ కోటాలో భాగం కాదు. ఫీజు సంగతి వచ్చేసరికి కుటుంబ ఆదాయం, కులం, సీటు వచ్చిన తీరు చూస్తారు.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఎవరికి వస్తుంది?

2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం పేర్లు మారుతూ ఇప్పటికీ నడుస్తోంది. కన్వీనరు ద్వారా సీటు వచ్చి, ఆదాయ పరిమితి వంటి ఇతర అర్హతలున్న విద్యార్థికి అది వర్తిస్తుంది. మేనేజిమెంటు కోటాలో చేరినవారికి వర్తించదు. అది తెలియక మోసపోయే సందర్భం ఒకటుంది. 'మీ అబ్బాయి ఆటగాడు గదా, మేనేజిమెంటు కోటాలో రాయితీ మీద చేర్చుకుంటాం' అని కాలేజీవారు చెబుతారు. రాయితీ పోగా మిగిలిన ఫీజు ప్రభుత్వం కడుతుందని తండ్రి అనుకుంటాడు. కట్టదు. అది ఇంటి మీదనే పడుతుంది.

పథకం డబ్బు ప్రతి సంవత్సరం వేళకు విడుదల కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2021 నుంచి కొన్నేళ్లపాటు ఈ సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు. ఆ తరువాత తిరిగి కాలేజీలకే చెల్లించే పద్ధతికి వచ్చారు. డబ్బు ఏ ఖాతాలో పడినా, ఆలస్యమైన ఏడాది కాలేజీవారు ముందు విద్యార్థినే అడుగుతారు. పరీక్ష హాలు టిక్కెట్టు దగ్గరో, చివర్లో సర్టిఫికెట్ల దగ్గరో పేచీ వస్తుంది. ఈ మధ్యలో ఇంటి నుంచి ఎంత సర్దగలరో ముందే ఆలోచించుకోవాలి.

'ఉచితం' అన్న మాటలో ఏముంది?

ఆ కౌలు రైతు ఇంటి లెక్కనే వేసి చూడవచ్చు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు మాత్రమే. ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవాలి.

మొదటి దారి, మోటారు సైకిలు మీద వచ్చిన పెద్దమనిషి చెప్పిన ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ట్యూషన్ ఫీజు ఏడాదికి 25,000 రూపాయలనుకుంటే, అది మాఫీ. కాని కాలేజీ దూరం కాబట్టి పిల్ల హాస్టల్లో ఉండాలి. నెలకు 6,500 చొప్పున పది నెలలకు 65,000. పరీక్ష ఫీజు, యూనిఫారం, ఇతర రుసుములు కలిపి 8,000. అంటే ఏడాదికి 73,000 రూపాయలు. మూడేళ్లకు 2,19,000. మొత్తం 98,000 ఖర్చులో 'ఉచితం' అన్నది 25,000. నాలుగో వంతు మాత్రమే.

రెండో దారి, దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఫీజులు అన్నీ కలిపి 4,000 అనుకోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి అమ్మాయికి బస్సు ఖర్చు లేదు. అబ్బాయి అయితే బస్సు పాసు కలుపుకోవాలి. ఇంట్లో తినే తిండికి తోడు ఆట ఆడే పిల్లకు పాలు, రెండు గుడ్లు, వేరుశనగలు, అరటిపళ్లు పెట్టాలి. రోజుకు 60 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 21,900. బూట్లు, ఆట దుస్తులు, పోటీలకు ప్రయాణాలు 10,000. మొత్తం 35,900. మూడేళ్లకు 1,07,700.

మూడో దారి, క్రీడా హాస్టలు. 1984లో ఏర్పడిన భారత క్రీడా ప్రాధికార సంస్థ నడిపే శిక్షణ కేంద్రాల హాస్టళ్లలో ఎంపికైన వారికి తిండి, బస, శిక్షణ, ఆట సామగ్రి ఉచితం. పక్కనున్న కాలేజీలో చదువుకోవచ్చు. ఇంటి మీద పడేది కాలేజీ ఫీజు, రాకపోకల ఖర్చు. రెండూ కలిపి ఏడాదికి 12,000 వేసుకున్నా మూడేళ్లకు 36,000. అయితే ఇది అడిగితే దొరికేది కాదు. ఎంపిక పోటీల్లో నెగ్గాలి. ఎత్తు, వేగం, బలం కొలుస్తారు, ఆట చూస్తారు. వయస్సు చిన్నగా ఉన్నప్పుడే ప్రయత్నించాలి. ఇంటర్ అయ్యాక మొదటిసారి ఆలోచించే వారికి చాలా తలుపులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

మొదటి దారికీ రెండో దారికీ ఏడాదికి 37,100 రూపాయల తేడా. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? పల్లెలో సాధారణంగా వచ్చేది వడ్డీ వ్యాపారి నుంచే. 73,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,460, ఏడాదికి 17,520 రూపాయలు వడ్డీయే అవుతుంది. 'ఉచిత సీటు' ఏ వైపు నుంచి భారమవుతుందో ఈ అంకెలే చెబుతాయి. తప్పనిసరిగా అప్పు చేయవలసివస్తే ముందు బ్యాంకుకు వెళ్లాలి. చదువుల అప్పులో 4 లక్షల రూపాయల వరకు బ్యాంకులు తాకట్టు అడగకుండా, తలిదండ్రులను కూడా బాధ్యులుగా చేర్చుకొని ఇచ్చే పద్ధతి ఉంది.

మరి ఆట సంగతి?

తక్కువ ఖర్చు దారి పట్టుకుంటే ఆట దెబ్బ తింటుందేమోనన్న భయం సహజమే. ఆ భయంలో కొంత నిజమూ ఉంది, కొంత అపోహ ఉంది.

ఉద్యోగాల్లో ఆటల కోటాకు పనికివచ్చే సర్టిఫికెట్లు ఏవో కేంద్ర ప్రభుత్వం 1980 ఉత్తర్వుల్లోనే స్పష్టం చేసింది. దేశం తరఫున ఆడినవారికి ఫారం 1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవారికి ఫారం 2. విశ్వవిద్యాలయం తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి ఫారం 3. రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవారికి ఫారం 4. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో గెలిచిన వెండి కప్పులు, మండల స్థాయి పత్రాలు ఈ జాబితాలో లేవు. గోడకు అలంకారమే తప్ప ఉద్యోగ దరఖాస్తుకు జతపరచడానికి పనికిరావు.

కాలేజీలో చేరిన పిల్లకు అందుబాటులోకి వచ్చే కొత్త మెట్టు ఫారం 3. అది కాలేజీ ఇచ్చేది కాదు, విశ్వవిద్యాలయం ఇచ్చేది. కాలేజీల మధ్య పోటీల్లోనూ, ఎంపికల్లోనూ రాణించి విశ్వవిద్యాలయ జట్టులో చోటు సంపాదించాలి. ఈ జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థి అయినా, ప్రైవేటు డిగ్రీ కాలేజీ విద్యార్థి అయినా, అవి ఆంధ్రా విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవయితే ఎంపికకు వెళ్లేది ఆ ఒక్క జట్టుకే. ఎక్కువ ఫీజు కట్టినందువల్ల ఎంపికలో ఎక్కువ మార్కులు పడవు. అపోహ ఇక్కడే ఉంది.

నిజం మరో వైపు ఉంది. అనుబంధ కాలేజీలు ఎన్నో ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక కబడ్డీ జట్టుకు పోటీ ఎక్కువ. సొంతంగా విశ్వవిద్యాలయ హోదా ఉన్న ప్రైవేటు సంస్థల్లో పోటీపడేది ఆ సంస్థ విద్యార్థులే. అక్కడ జట్టులో చోటు త్వరగా దొరకవచ్చు. అటువంటి సంస్థలు కొన్ని ఆటగాళ్ల మీద బాగా డబ్బు పెడుతున్నాయి. విశ్వవిద్యాలయ క్రీడల్లో దేశంలో మొదటి స్థానానికిచ్చే మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ 2024 సంవత్సరానికి పంజాబ్‌లోని ప్రైవేటు సంస్థ చండీగఢ్ యూనివర్సిటీకి దక్కింది. పేరు కోసం ఇటువంటి సంస్థలు మంచి ఆటగాళ్లకు ఫీజుతోపాటు తిండి, బస కూడా ఇస్తాయి. జాతీయ స్థాయిలో ఇప్పటికే ఆడిన పిల్లకు అది మంచి అవకాశమే. అయితే ఆ సంస్థకు ఆ పిల్ల ఆడే ఆటలో జట్టు ఉన్నదా, కోచ్ ఉన్నాడా, నిరుడు ఆ జట్టు ఎక్కడ ఆడిందన్నది ముందు కనుక్కోవాలి.

ఆటను బట్టి కూడా ఆలోచన మారాలి. వెయిట్‌లిఫ్టింగ్, పరుగు పందాల వంటివాటిలో ఎత్తిన బరువు, పరుగెత్తిన కాలం అంకెల్లో తెలుస్తాయి. ఏ కాలేజీ పిల్ల అయినా అంకె దాచేస్తే దాగదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వంటి జట్టు ఆటల్లో మాత్రం తోటి ఆటగాళ్లు, కోచ్, ఆడే పోటీల సంఖ్య మీద చాలా ఆధారపడి ఉంటుంది. అందుచేత బరువులెత్తే పిల్లకు ఇంటికి దగ్గరలోని మంచి వ్యాయామశాల, తెలిసిన గురువు ముఖ్యం. జట్టు ఆట ఆడే పిల్లకు మంచి జట్టున్న కాలేజీ ముఖ్యం.

ఇందుకు ఈ జిల్లాలోనే నిదర్శనం ఉంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవారందరూ విన్నదే. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించింది. మొదట కాంస్యంగా ప్రకటించిన ఆ పతకం, మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా క్రీడాకారిణి మందుల పరీక్షలో దొరికిపోవడంతో రజతమయింది. పెద్ద పట్నం, పెద్ద కాలేజీ ఉంటేనే ఆట వస్తుందన్న మాటకు ఆ ఊరే జవాబు.

పక్కనున్న విశాఖపట్నం నుంచి వచ్చిన జ్యోతి యర్రాజీ దారి మరొకటి. తండ్రి కాపలాదారు ఉద్యోగి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుల కంట పడిన ఆ అమ్మాయి హైదరాబాదులోని క్రీడా ప్రాధికార సంస్థ హాస్టలుకు, తరువాత గుంటూరుకు, అక్కడి నుంచి భువనేశ్వర్‌లోని శిక్షణ కేంద్రానికి చేరింది. 2023 జూలైలో బ్యాంకాక్ ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం, అదే సంవత్సరం హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొంది. ఈ దారిలో తిండీ, శిక్షణా హాస్టళ్ల ద్వారానే సమకూరాయన్నది తలిదండ్రులు గమనించవలసిన సంగతి.

ఇరవై అయిదేళ్ల గడువు

ఆటగాడికి చదువు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఉద్యోగ ప్రకటనల్లో ఉంది. రైల్వే ఆటల కోటా ఉద్యోగాలకు వయస్సు 18 నుంచి 25 సంవత్సరాలు. ఇంటర్ అయ్యేసరికి పిల్లలకు 17, 18 ఏళ్లు వస్తాయి. అంటే చేతిలో మిగిలేది ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఆటా ముందుకు సాగాలి, చదువూ ముగియాలి.

అదే రైల్వేలో ఒకటో స్థాయి ఉద్యోగానికి పదో తరగతి, రెండు, మూడు స్థాయిలకు ఇంటర్, నాలుగు, అయిదు స్థాయిలకు డిగ్రీ కావాలి. పై స్థాయిలకు ఆటలో అర్హత కూడా పెద్దదే కావాలి. ఏడవ వేతన సంఘం లెక్కలో ఒకటో స్థాయి మూల వేతనం 18,000 రూపాయలయితే, అయిదో స్థాయికి 29,200. మంచి ఆటగాడు డిగ్రీ మధ్యలో వదిలేస్తే, ఆట తెచ్చిపెట్టే ఉద్యోగంలోనే నెలకు ఇంత తేడా పడవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో ఆటల కోటా 2 శాతంగా నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో దాన్ని 3 శాతం చేశారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వెలువడగా, అందులో 421 ఆటల కోటా కింద వచ్చాయి. రాత పరీక్ష లేకుండా ఆటలోని ప్రతిభను బట్టే ఎంపిక జరిగింది. కాని ఆ పోస్టుకు తగిన విద్యార్హత ఉండి తీరాలి. పతకాలుండి, చదువు పత్రం లేనివారు ఆ వరుసలో నిలబడలేకపోయారు. ఆట సర్టిఫికెట్టు ఒక ఎద్దు, చదువు సర్టిఫికెట్టు ఒక ఎద్దు. ఒంటెద్దుతో బండి నడవదు.

ఆటనే వృత్తిగా చేసుకోదలచినవారికి వ్యాయామ విద్య కోర్సులున్నాయి. ఇంటర్ తరువాత రెండేళ్ల డీపీఎడ్, డిగ్రీ తరువాత రెండేళ్ల బీపీఎడ్. పీఈసెట్ ద్వారా ప్రవేశం. పరుగు, గుండు విసరడం, దూకడం వంటి దేహదారుఢ్య పరీక్షలకు 400 మార్కులు, ఆట నైపుణ్యానికి 100 మార్కులు. పొలం పనుల్లో గట్టిపడిన పల్లె పిల్లలు ఇందులో వెనకబడరు. కోచ్ కావాలనుకునేవారికి 1961లో పాటియాలాలో నెలకొల్పిన జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా కోర్సు ఉంది. వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు, కోచ్ ఉద్యోగాలు ఈ చదువుల వారికే.

అమెరికాలో బంధువులున్న ఇళ్లలో 'అక్కడ ఆడితే చదువు ఉచితమట' అన్న మాట కూడా వినవస్తోంది. అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏలో మూడు శ్రేణులున్నాయి. మొదటి రెండు శ్రేణుల కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్పులు ఇవ్వవచ్చు. మూడో శ్రేణి కాలేజీలు ఆటను చూసి స్కాలర్‌షిప్పు ఇవ్వవు. కబడ్డీ, ఖోఖో, క్రికెట్‌కు ఆ సంఘం పోటీలు లేనే లేవు. ఈ మాట నమ్మి దళారులకు డబ్బు కట్టేవారు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

మోకాలు దెబ్బతింటే...

కబడ్డీ ఆడే పిల్లల ఇళ్లలో ఎవరూ పైకి అనని భయం ఒకటుంది. పట్టు పట్టినప్పుడు మోకాలు తిరగబడితే లోపలి నరం తెగుతుంది. శస్త్రచికిత్స అయితే తిరిగి బరిలోకి దిగడానికి నెలలు పడుతుంది. 'జట్టుకు ఆడినంత కాలం ఫీజు మాఫీ' అన్న షరతు మీద చేరిన పిల్లకు ఆ ఏడాది ఎవరు ఫీజు కడతారు? వైద్యం ఖర్చు ఎవరిది? ఆట పోయిన తరువాత చదువు కూడా పోతే ఆ పిల్ల ఇంటికి ఏ ముఖంతో రావాలి?

ఈ ప్రశ్న చేరేటప్పుడే అడగాలి. దెబ్బ తగిలిన సంవత్సరం కూడా మాఫీ కొనసాగుతుందని రాసివ్వగలిగిన కాలేజీ మంచిది. రాసివ్వలేమంటే ఆ మాఫీ విలువ సగానికి సగం తగ్గినట్టే లెక్క.

చేరే ముందు అడగవలసినవి

అనుభవజ్ఞులైన వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పే జాగ్రత్తలు ఒకచోట చేరిస్తే ఇలా ఉంటాయి:

సీటు కన్వీనరు కోటాలోదా, మేనేజిమెంటు కోటాలోదా? మాఫీ చేసేది ఏ ఫీజు, ఎంత, ఎన్నేళ్లు? మొదటి ఏడాదికేనా, కోర్సు పూర్తయ్యే వరకా? హాస్టలు, భోజనం అందులో ఉన్నాయా?

కాలేజీ ఏ విశ్వవిద్యాలయానికి చెందినది? ఆ విశ్వవిద్యాలయం పిల్ల ఆడే ఆటలో జట్టును పంపుతున్నదా? కోచ్ రోజూ వస్తాడా, పోటీలకు ముందు పది రోజులే వస్తాడా?

పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఇస్తారా? పరీక్ష తప్పితే మళ్లీ రాయనిస్తారా? ఆడపిల్లలయితే ప్రయాణాల్లో తోడు మహిళా ఉపాధ్యాయురాలు వెళుతుందా?

ఈ జవాబులన్నీ కాలేజీ ముద్ర ఉన్న కాగితం మీద, ప్రిన్సిపాలు సంతకంతో తీసుకోవాలి. నోటిమాట ప్రిన్సిపాలు మారితే మారిపోతుంది.

ఇంకో ముఖ్య సంగతి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకునే అలవాటు కొన్ని కాలేజీలకు ఉంది. పిల్ల వేరే చోటికి వెళ్లిపోకుండా కట్టడి అన్నమాట. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి, అట్టిపెట్టుకోరాదు. ఆట సర్టిఫికెట్లయితే మరీ జాగ్రత్త. ఉద్యోగ దరఖాస్తు వేళకు అవి చేతిలో లేకపోతే ఏడేళ్ల చెమట వృథా. డబ్బిచ్చి కొన్న దొంగ సర్టిఫికెట్ల జోలికి మాత్రం పోరాదు. వాటిని జారీ చేసిన సంస్థకు పంపి సరిచూస్తారు. దొరికితే సీటూ పోతుంది, కేసూ అవుతుంది.

ఇంటర్ చదువుతున్న పిల్లలకు మరొక మాట. అండర్ 19 స్కూల్ గేమ్స్‌లో ఆడే అవకాశం జూనియర్ కాలేజీతో ముగుస్తుంది. ఫారం 4కు అదే ఆఖరి మెట్టు. ఈఏపీసెట్ కోచింగు పేరుతో ఆ రెండేళ్లు ఆట మానిపించి, తరువాత ఆటల కోటా కోసం తిరిగితే ప్రయోజనం ఉండదు.

తిరిగి ఆ అరుగు మీదికి...

ఆ కౌలు రైతు ఇంటి అరుగు మీద తీర్పు ఎలా రావాలి? అందరికీ ఒకటే తీర్పు చెప్పడం కుదరదు. జాతీయ పోటీల్లో ఆడి, తిండి బస కూడా రాసిచ్చే సంస్థ దొరికితే వెళ్లవచ్చు. క్రీడా హాస్టలు ఎంపికలు ఉంటే తప్పక ప్రయత్నించాలి. రాష్ట్ర స్థాయి దగ్గరే ఉన్న పిల్లకు మాత్రం దగ్గరలోని ప్రభుత్వ కాలేజీలో చేరి, అప్పు చేయకుండా, ఆ మిగిలిన డబ్బుతో కడుపునిండా తిని, ఉదయం సాయంత్రం బరి వదలకుండా ఆడి, విశ్వవిద్యాలయ జట్టు ఎంపికకు వెళ్లడమే భద్రమైన దారి. ఏడాదికి మిగిలే 37 వేలతో పిల్లకు పాలూ గుడ్లూ కొనవచ్చు, పోటీలకు పంపవచ్చు. వడ్డీకి కట్టిన డబ్బు పిల్ల ఒంటికి పట్టదు.

ఇక సంబంధం చూడమన్న మేనమామ మాట. ఆడపిల్లల ఆట ఎక్కువగా ఆగిపోయేది ఓడిపోయి కాదు, ఇంటర్ తరువాత ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల. ఉచిత బస్సు ఉంది, ఊరి దగ్గర కాలేజీ ఉంది, ఇరవై అయిదేళ్ల వరకు ఉద్యోగపు గడువుంది. ఇంటి నుంచే చదువుతూ ఆడగలిగినప్పుడు మూడేళ్లు ఆగడం ఆ కుటుంబానికి నష్టం కాదు.

మోటారు సైకిలు పెద్దమనిషి మళ్లీ వచ్చినప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్ననే అందరూ అడగాలి. మాస్టారు చెప్పినట్టు జవాబు కాగితం మీద తీసుకోవాలి. రాసివ్వడానికి వెనుకాడే ఉచితం, ఉచితం కాదు.